లినక్స్‌లో ఆటలు: ఒంగోలు, నెల్లూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఆదివారం ఒంగోలులో మా ఇంటి ముందు గదిలో పాత కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించి ఇస్తుంటాను. విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ అది. సింగరాయకొండ, కనిగిరి, కావలి నుంచి కూడా పిల్లలు సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని బస్సెక్కి వస్తారు. ఒక్కోసారి వెంట నాన్నగారో మేనమామో ఉంటారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఈ ప్రశ్నలే కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

లినక్స్‌లో గేములు నడుస్తాయా?

నడుస్తాయి. ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో దొరికేవాటిలో ఒక్కరే కూర్చుని ఆడుకునేవి చాలావరకు మీరేమీ చేయనక్కర లేకుండానే నడుస్తాయి. ఆన్‌లైన్‌లో పోటీపడే కొన్ని పెద్ద ఆటలు మాత్రం నడవవు. వాటి సంగతి కింద విడిగా రాశాను. మీరు రోజూ ఆడేది ఆ జాబితాలో ఉంటే ముందు అది చదివి, ఆ తరువాతే మారాలో వద్దో నిర్ణయించుకోండి.

ఇప్పుడే ఇంతమంది ఎందుకు మారుతున్నారు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలి. నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా అన్నయ్య ఇంజినీరింగ్‌లో వాడి తమ్ముడికి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు. నాలుగో తరం, ఆరో తరం ప్రాసెసర్లు. తెర బాగుంటుంది, కీబోర్డు బాగుంటుంది, ర్యామ్ పెంచితే ఇంకా ఐదేళ్లు పనిచేసేలా ఉంటుంది. అలాంటి యంత్రాన్ని అటక మీదికి ఎక్కించడం నాకు ఇష్టం లేదు.

విండోస్ కోసం చేసిన ఆట లినక్స్‌లో ఎలా నడుస్తుంది?

తడ, సూళ్లూరుపేట వైపు వెళ్తే తెలుగు, తమిళం రెండూ ధారాళంగా మాట్లాడేవారు అడుగడుగునా కనిపిస్తారు. తమిళం తప్ప రాని కొనుగోలుదారుకూ తెలుగు తప్ప రాని వ్యాపారికీ నడుమ అలాంటి మనిషి ఒకరు నిలబడితే బేరం ఆగదు. పూర్వం వారిని దుబాసీలు అనేవారు. ఇక్కడ జరిగేది కూడా దుబాసీ పనే.

విండోస్ గేమ్ నడుస్తున్నంతసేపూ విండోస్‌ను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఈ ఫైలు తెరువు, ఈ శబ్దం వినిపించు, ఈ బొమ్మ తెర మీద గీయి. ఈ పనులన్నీ లినక్స్ కూడా చేయగలదు, కానీ అడిగే భాష దానికి అర్థం కాదు. ఆ భాషను మార్చి చెప్పే దుబాసీ పేరు వైన్. 1993లో కొందరు ఔత్సాహికులు దీన్ని మొదలుపెట్టారు. 1.0 అని ధైర్యంగా పిలుచుకోదగ్గ రూపం 2008లో వచ్చింది. పదిహేనేళ్లు! “వైన్ ఎమ్యులేటర్ కాదు” అన్న మాటనే పొడి అక్షరాలుగా కుదించి దానికి ఆ పేరు పెట్టారు. ఎమ్యులేటర్ అయితే మరో యంత్రాన్ని మొత్తంగా అనుకరించాలి, అందులో వేగం పోతుంది. వైన్ ఆ పని చేయదు. ఆట లోపలి లెక్కలను మీ ప్రాసెసర్ నేరుగానే చేస్తుంది, విండోస్‌ను అడిగే మాటలు మాత్రమే దుబాసీ చెవిన పడతాయి.

అన్నిటికంటే కష్టమైనది బొమ్మల భాష. విండోస్ ఆటలు డైరెక్ట్‌త్రీడీలో అడుగుతాయి. దాన్ని 2016లో వచ్చిన వల్కన్ అనే అందరి భాషలోకి మార్చే పనిముట్టు డీఎక్స్‌వీకే. దాన్ని మొదలుపెట్టిన ఫిలిప్ రెబోలే ఆ తొలి రోజుల్లో లక్ష్యంగా పెట్టుకున్నది ఒకే ఒక్క ఆట, నీర్ ఆటోమాటా. ఆ ఒక్క ఆట కోసం పడిన శ్రమ తరువాత వేల ఆటలకు దారి వేసింది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ పనిముట్లన్నిటినీ ఒక కట్టగా కట్టి, స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో విడుదల చేసింది. మొదట వారు స్వయంగా పరీక్షించి సరేనన్నవి 27 ఆటలు. ఇప్పుడు మీరు స్టీమ్‌లో “ఇన్‌స్టాల్” నొక్కితే ప్రోటాన్ దానంతట అదే దిగి, దానంతట అదే పని మొదలుపెడుతుంది.

వైన్ అంతకు ముందు నుంచీ ఉంది కదా, అప్పట్లో ఎందుకు కుదరలేదు?

కుదిరేది, కానీ ఆ కష్టమంతా ఆడేవారే పడాల్సి వచ్చేది. ఏ ఆటకు వైన్‌లో ఏ రకం సరిపోతుంది, ఏ అదనపు ఫైళ్లు వేయాలి, ఏ సెట్టింగ్ మార్చాలి అని రాత్రంతా వెతికి, తెల్లవారుజామున ఆట తెరుచుకుంటే అదే విజయం. నేను అలా గడిపిన రాత్రులు చాలా ఉన్నాయి. ఆట ఆడింది తక్కువ.

2013లో స్టీమ్ లినక్స్‌కు వచ్చింది. 2015లో లినక్స్‌తో నడిచే స్టీమ్ మెషిన్ పెట్టెలు అమ్మకానికి వచ్చాయి. అప్పుడు ఆ భారం ఆట తయారుచేసేవారి మీదికి మారింది. ప్రతి ఆటనూ లినక్స్ కోసం వారే విడిగా మలచాలి. కొనేవారు కొద్దిమందే ఉంటే అంత శ్రమ ఎవరు పడతారు? ఆటలు చాలినన్ని రాలేదు, పెట్టెలు అమ్ముడుపోలేదు.

2018లో మారింది ఇదే. ఆడేవారూ పడనక్కర లేదు, ఆట రాసేవారూ పడనక్కర లేదు, ఆ కష్టం నడుమ ఉన్న మేము పడతాం అని ఒకరు ముందుకు వచ్చారు. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం విడుదలైంది. అందులో ఉన్నది లినక్సే. చేతిలో పట్టుకుని ఆడేవారికి ఆ సంగతి తెలియాల్సిన అవసరం రాలేదు. స్టీమ్ నెలనెలా వేసే లెక్కలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో మొదటిసారి 3 శాతం దాటింది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, ఒక శాతం దగ్గర ఏళ్ల తరబడి నిలిచిపోయిన రోజులు చూసినవారికి దాని విలువ తెలుసు.

సాఫ్ట్‌వేర్ సులువుగా ఉండడమంటే నాకు అర్థమైనది ఇంతే. కష్టం ఎక్కడికీ పోదు. దాన్ని వాడేవారి నెత్తిన పెట్టామా, మనమే మోశామా అన్నదే తేడా.

ఏ ఆటలు నడవవు?

వాలొరాంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్, ఫోర్ట్‌నైట్, కంప్యూటర్ మీది పబ్‌జీ నడవవు. అపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది, 2024 అక్టోబర్ చివర ఆపేశారు. జీటీఏ 5లో కథ ఆడుకోవచ్చు, జీటీఏ ఆన్‌లైన్ మాత్రం 2024 సెప్టెంబర్ నుంచి కుదరడం లేదు.

వీటిని ఆపుతున్నది బొమ్మల సమస్య కాదు. మోసం చేసి ఆడేవారిని పట్టుకునే కాపలా సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చిన చిక్కు ఇది. వాలొరాంట్ వాడే వాన్‌గార్డ్ విండోస్ గర్భంలోకి, అంటే కెర్నెల్‌లోకి దిగి కూర్చుంటుంది. లినక్స్‌లో దానికి ఆ చోటు లేదు. ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ అనే మరో రెండు కాపలా సాఫ్ట్‌వేర్లు 2021 నుంచి ప్రోటాన్‌తో పనిచేయగలుగుతున్నాయి. కానీ ఆ తలుపు తెరవాలో మూయాలో ఆట యజమాని ఇష్టం. మోసగాళ్లు పెరుగుతారన్నది వారి భయం. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను, పోటీ ఆటలో మోసం ఎంత చేటో అందరికీ తెలుసు. అయినా డబ్బు పెట్టి కొని, బుద్ధిగా ఆడుకుంటున్నవారి ముఖాన ఒక రోజు తలుపు మూసేయడం న్యాయం అనిపించదు.

దొంగదారులు ఉన్నాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఖాతాను శాశ్వతంగా నిలిపివేసే ప్రమాదం ఉంది.

కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్‌కు కూడా నేరుగా తయారై వస్తాయి, కాబట్టి ఇబ్బంది లేదు. జావాతో నడిచే మైన్‌క్రాఫ్ట్ కూడా అంతే. మీ ఆట సంగతి తెలుసుకోవాలంటే ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైటులో పేరు వెతకండి. అక్కడ ఆడినవారే ప్లాటినం, బంగారం, వెండి, కంచు అని గుర్తులు ఇస్తారు. గుర్తుతో ఆగకుండా ఈమధ్య రాసిన అనుభవాలు రెండు మూడు చదవండి.

ఫోనులో ఆడే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ పెట్టుకోవచ్చా?

వద్దు. వాటిని ఫోనులోనే ఆడుకోండి.

మా ల్యాప్‌టాప్ పాతది. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏమైనా ఆడగలనా?

ముందు మూత కింద అంటించిన చీటీ కాకుండా ప్రాసెసర్ తరం చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు ప్రాసెసర్‌లో ఇమిడి ఉన్న దానితోనే ఆట నడవాలి. ఇంటెల్ ఆరో తరం, ఆ తరువాతివి అయితే వల్కన్ బాగా అందుతుంది. నాలుగో తరంలో వల్కన్ అరకొరగానే ఉంటుంది. 2022 తరువాతి డీఎక్స్‌వీకే దానితో సరిపెట్టుకోదు. అలాంటి యంత్రంలో ఆట తెరుచుకోకుండానే మూసుకుపోతుంది, కారణం కూడా చెప్పదు. ప్రోటాన్‌కు వల్కన్ బదులు ఓపెన్‌జీఎల్ అనే పాత బొమ్మల భాష వాడమని చెప్పే వీలుంది. వేగం తగ్గుతుంది కానీ పాత ఆటలు నడుస్తాయి.

నాలుగో తరం ల్యాప్‌టాప్‌తో వచ్చినవారికి నేను మొదట చూపించేవి లినక్స్‌కు కూడా నేరుగా తయారైన తేలిక ఆటలు. స్టార్డ్యూ వ్యాలీ మా గదిలో అందరికంటే ముందుంటుంది. పొలం దున్ని, విత్తి, నీళ్లు పెట్టి, పంట అమ్ముకునే ఆట. కందుకూరు నుంచి వచ్చిన ఒక రైతు కొడుకు ఆడుతుంటే వెనక నిలబడ్డ వాళ్ల నాన్నగారు “వానకు ముందే నారు పోశావేమిటిరా” అని సలహాలిచ్చారు. పోర్టల్, హాఫ్ లైఫ్ 2 కూడా ఆ యంత్రాల్లో చక్కగా ఆడుకోవచ్చు. పూర్తిగా ఉచితమైనవి కావాలంటే కార్ల పందేలకు సూపర్‌టక్స్‌కార్ట్, వ్యూహం కావాలంటే బ్యాటిల్ ఫర్ వెస్నోత్. చిన్న పిల్లలకు టక్స్ పెయింట్, జీకాంప్రి.

డబ్బు ఖర్చు పెట్టదలిస్తే మొదట హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించండి. తరువాత ర్యామ్ 8 జీబీకి పెంచండి. ఈ వరుస మార్చకండి.

ఏ లినక్స్ పెట్టుకోవాలి?

చదువు, ఆట రెండూ కావాలంటే లినక్స్ మింట్. విండోస్ అలవాటైన చేతికి వెంటనే అందుతుంది. ఆటలే ముఖ్యం, యంత్రం కాస్త కొత్తది అనుకుంటే బజైట్. అందులో స్టీమ్, డ్రైవర్లు ముందే ఉంటాయి. అప్‌డేట్ వికటిస్తే వెనకటి స్థితికి మళ్లే వీలు ఉంటుంది. ఈ రెండూ కాక మరో వంద ఉన్నాయి. వాటిలో ఏది గొప్పదని వాదించుకునేవారి మధ్యకు మీరు మొదటి రోజే వెళ్లకండి.

గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

ఏఎండీ, ఇంటెల్ అయితే వెతకనవసరం లేదు, లినక్స్‌తోనే వస్తుంది. ఎన్‌విడియా అయితే మింట్‌లో “డ్రైవర్ మేనేజర్” తెరిచి, సిఫారసు చేసినదాన్ని ఎంచుకుని, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి. విండోస్ అలవాటుతో కంపెనీ సైటు నుంచి డ్రైవర్ దించుకుని వేయవద్దు. ఆ తరువాత తెర నల్లగా అయిపోయి నా దగ్గరకు వచ్చిన ల్యాప్‌టాప్‌లు చాలా చూశాను.

విండోస్ ఉంచుకుని పక్కన లినక్స్ పెట్టుకోవచ్చా? అందులో ఉన్న గేములే వాడుకోవచ్చా?

రెండూ పెట్టుకోవచ్చు. మొదట మీ ఫోటోలు, కాగితాలు వేరే డిస్కులోకి కాపీ తీయండి. విండోస్ డిస్కుకు వేసే బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపి వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఎక్కించండి.

విండోస్ భాగంలో ఉన్న ఆటలను అక్కడి నుంచే నడపాలని మాత్రం చూడకండి. డిస్కులో ఫైళ్లు అమర్చడానికి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రోటాన్‌కు కావలసిన కొన్ని ఏర్పాట్లు కుదరవు. ఒక రోజు నడిచి మరో రోజు మొరాయిస్తుంది. లినక్స్ భాగంలోకి కాపీ చేసుకోండి.

ఆట 60 జీబీ ఉంది. మా ఊళ్లో నెట్ నిదానం.

స్నేహితుడి కంప్యూటర్‌లో అదే ఆట ఉంటే, రెండింటినీ ఒకే వైఫై కిందికి తెచ్చి రెండింటిలో స్టీమ్ తెరవండి. ఇంటర్నెట్‌ను తాకకుండా ఒకదాని నుంచి మరొకదానికి ఫైళ్లు పంపే వీలు 2023 నుంచి ఉంది. ఆట మీ ఖాతాలో కొని ఉండాలి, అంతే. కనిగిరి పిల్లలు ముగ్గురు నెలకోసారి మా గదిలో కలిసి ఇదే పని చేసుకుని వెళ్తారు.

ఆట మొదట్లో ఆగి ఆగి నడుస్తోంది. లినక్స్ ఇంతేనా?

కాదు. వెలుగు, నీడ, రంగు ఎలా పడాలో చెప్పే చిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. వాటిని మీ గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు ఒకసారి సిద్ధం చేయాలి. ఆట తెరిచే ముందు స్టీమ్ చూపించే ఆ నెమ్మది గీత అదే. పక్కనే “స్కిప్” అని బొత్తం ఉంటుంది. కావలి నుంచి వచ్చిన ఒక అబ్బాయి ప్రతిసారీ అది నొక్కి, లినక్స్ నిదానం అన్న అభిప్రాయానికి వచ్చేశాడు. అతను చేసిన దాంట్లో తప్పేముంది? బొత్తం కనిపించింది, నొక్కాడు. “ఇప్పుడు ఆగితే ఆట సాఫీగా నడుస్తుంది” అని ఒక్క వాక్యం అక్కడ రాసి ఉంటే ఆగేవాడు.

మీరు కమాండ్లు ఒక్కటీ ఇవ్వలేదు. మిగతావాళ్లు ఇస్తారు కదా?

కావాలనే ఇవ్వలేదు. అర్థం తెలియని వరుసను ఎక్కడి నుంచో తెచ్చి అతికించి ఎంటర్ నొక్కడం నేర్పితే, రేపు ఎవరేమి ఇచ్చినా అతికిస్తారు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ మంచి పనిముట్టు, నేను రోజూ వాడతాను. ఇష్టంతో నేర్చుకునేవారికి కూర్చోబెట్టి నేర్పుతాను. ఆట ఆడుకోవడానికి మాత్రం అది అవసరం కాకూడదు.

హెచ్చరిక చదవకుండా నొక్కితే తప్పు వాడేవారిదే కదా?

ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా కంప్యూటర్ బాగా తెలిసినవారు. వారికి 2021 నవంబర్‌లో జరిగింది చెబుతాను. కెనడాకు చెందిన ప్రసిద్ధ యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ లినక్స్‌లో ఆటలు ఆడి చూపిస్తానని పాప్ ఓఎస్ అనే లినక్స్ రకం పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ అంగడిలో స్టీమ్ ఎక్కలేదు. టెర్మినల్‌లో ప్రయత్నించారు. పొడుగాటి జాబితా ఒకటి వచ్చి, నిజంగా కావాలంటే “అవును, నేను చెప్పినట్టే చేయి” అని టైపు చేయమంది. చేశారు. స్టీమ్ రావడానికి బదులు తెర మీది డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయింది. ప్యాకేజీల అమరికలో ఆ కొద్ది రోజులు ఉన్న ఒక పొరపాటు అందుకు కారణం.

చదవకుండా టైపు చేశాడు, అనుభవించాడు అన్నవారు చాలామంది. నేను ఒప్పుకోను. ఆయన అడిగింది స్టీమ్. దాని కోసం డెస్క్‌టాప్‌ను పీకేయడం ఎవరికైనా అవసరమా? అలాంటి ప్రశ్న మనిషిని అడగడమే తప్పు. ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునేవారు చివరికి అదే గ్రహించారు. ఆ తరువాత సాఫ్ట్‌వేర్ ఎక్కించే, తీసేసే ఆప్ట్ అనే ఆ పనిముట్టును మార్చి, ఒక వాక్యం టైపు చేసినంత మాత్రాన అత్యవసరమైన భాగాలు తొలగిపోకుండా చేశారు.

మా వీధి చివర ఉండే విశ్రాంత ఉపాధ్యాయులొకరికి చదరంగం ఆడుకోవడానికి లినక్స్ పెట్టి ఇచ్చాను. ఆరు నెలల తరువాత చూస్తే ఒక్క అప్‌డేట్ కూడా ఎక్కలేదు. అడిగితే, “పాస్‌వర్డ్ అడుగుతోంది బాబూ, ఎవరో బ్యాంకు వివరాలు కాజేస్తున్నారని మూసేస్తున్నాను. నాకు ఇవి రావు” అన్నారు. ఆ పెట్టెలో “ధ్రువీకరణ అవసరం” అని మాత్రమే ఉంది. ఎవరు అడుగుతున్నారో, ఎందుకో లేదు. మోసపు ఫోన్లు రోజూ వచ్చే ఈ కాలంలో మాస్టారు చేసింది నూటికి నూరు పాళ్లూ సరైన పని. “మీకు రాకపోవడం కాదండీ, దానికి అడగడం రాలేదు” అని చెప్పాను. నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి చేత “నాకు రావు” అనిపించిన ఆ పెట్టె మీద నాకు ఇప్పటికీ కోపమే.

తెలుగులో వాడుకోవచ్చా?

అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, లోహిత్, నోటో ఫాంట్లు ముందే ఉంటాయి. రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి రెండూ ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతాయి. తెలుగులోనే మొత్తం వ్యవస్థను అందించాలని స్వేచ్ఛ వంటి సంస్థలు ఎంతో శ్రమపడ్డాయి. లాగిన్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.

అనువాదాల గురించి ఒక మాట. మెనూలో “దస్త్రం”, “సంచయం” అని కనిపిస్తే మా గదికి వచ్చే పిల్లలు ఆగిపోతారు. “ఫైలు”, “ఫోల్డర్” అంటే ఇంట్లో అమ్మమ్మకూ తెలుసు. తెలుగు చేయడమంటే తెలుగువారు అనే మాట రాయడం. అనువాదాలు సరిచేయడానికి ఎవరైనా చేరవచ్చు, ప్రోగ్రామింగ్ అక్కరలేదు. తెలుగు బాగా వచ్చినవారు చేరితే చాలు.

మేము ఇంజినీరింగ్ విద్యార్థులం. చిన్న ఆట తయారుచేస్తున్నాం. అందరికీ సులువుగా ఉండాలంటే ఏమి చేయాలి?

ఆటలు తయారుచేసే గోడో అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఉచితం, లినక్స్‌కూ విండోస్‌కూ ఒకే చోట నుంచి ఆట తీయవచ్చు. 2023లో వచ్చిన 4.0 నుంచి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. “స్త్రీ”, “లక్ష్మి” అని తెర మీద రాసి పరీక్షించండి.

తరువాత మీ ఆటను ఎన్నడూ చూడని మనిషి ముందు పెట్టండి. మీ అత్తయ్యో, కాలేజీ దగ్గర టీ కొట్టు నడిపే అన్నో. వెనక కూర్చోండి. మౌస్ ముట్టుకోకండి, “అక్కడ నొక్కండి” అనకండి. వారు ఎక్కడ ఆగారో, ఏ మాట దగ్గర కనుబొమలు ముడిచారో రాసుకోండి. 2001లో సన్ అనే కంప్యూటర్ సంస్థ లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌ను కొత్తవారి ముందు పెట్టి చేసింది ఇదే. తయారుచేసినవారికి పట్టపగలులా కనిపించినవి వాడేవారికి కనిపించలేదు. ఆ పాఠాలు మరుసటి ఏడాది వచ్చిన గ్నోమ్ 2లోకి వెళ్లాయి. త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో వస్తువును ఎంచుకోవాలంటే ఏళ్ల తరబడి మౌస్ కుడి బొత్తం నొక్కాల్సి వచ్చేది. 2019లో 2.80తో అందరి అలవాటు ప్రకారం ఎడమకు మార్చారు. పాత కాపులు కొందరు గొణిగారు. కొత్తవారికి మాత్రం మొదటి గంట సులువైంది.

ఆదివారం వస్తే ఏమేమి తెచ్చుకోవాలి?

ఛార్జరు, ఖాళీ పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది, మీ ఫైళ్ల కాపీ ఉన్న వేరే డిస్కు. స్టీమ్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని రండి. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్ అయితే ముందే చెప్పండి, లినక్స్ ఎక్కుతుండగా కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి ఇన్వర్టర్ ఉన్న బల్ల దగ్గర కూర్చోబెడతాను. ఎండాకాలంలో మాత్రం ఉదయం ఎనిమిదికల్లా వచ్చేయండి.